చెరువు కట్ట మీద ఉడుము: ఏడాది పొడవునా గమనించే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల ఏ పాత చెరువు కట్ట మీదైనా ఎండ కాస్త ఎక్కాక ఓపిగ్గా కూర్చుంటే ఉడుము కనబడే అవకాశం బాగానే ఉంటుంది. అయినా మనలో చాలామంది దాన్ని చూసేది రోడ్డు దాటుతుంటే ఒక్క క్షణం, లేదంటే ఎవరో తోక పట్టి వేలాడదీసిన ఫోటోలో. ఊరి పక్కనే బతికే ఇంత పెద్ద జంతువు గురించి మనకు తెలిసింది తక్కువ, విన్న కథలు ఎక్కువ.

ఉడుమును వెతుక్కుంటూ తిరిగితే దొరకదు. అది ఏ వేళ ఎక్కడ ఉండాలో తేల్చేవి మూడు: ఎండ, పురుగు, నీళ్ళు. ఈ మూడింటి లెక్క అర్థమైతే దాని దారిలో ముందే వెళ్ళి కూర్చోవచ్చు. అందుకే పది అడవులు తిరిగేకన్నా ఒక్క చెరువు కట్టను ఏడాది పాటు పట్టుకోవడం మేలంటాను. ఆ ఏడాదిని ఎలా మొదలుపెట్టాలి, ఏ కార్తెలో ఏం చూడాలి అన్నది వరుసగా చెప్తాను.

1. ముందు జంతువును సరిగ్గా గుర్తుపట్టండి

మన దేశంలో ప్రధానంగా నాలుగు రకాల ఉడుములు ఉన్నాయి. బెంగాల్ ఉడుము, నీటి ఉడుము, పసుపు ఉడుము, ఎడారి ఉడుము. ఉత్తర తెలంగాణలో మనకు కనబడేది బెంగాల్ ఉడుము. శాస్త్రీయ నామం వారనస్ బెంగాలెన్సిస్. పేరులో బెంగాల్ ఉన్నా దేశంలో చాలా భాగంలో ఉండేది ఇదే. ఎడారి ఉడుముది రాజస్థాన్ వైపు, పసుపు ఉడుముది గంగా మైదానం. చెరువులో ఈదుతున్న దాన్ని చూసి చాలామంది నీటి ఉడుము అనేస్తారు. బెంగాల్ ఉడుము కూడా మంచి ఈతగత్తె, నీళ్ళలో మునిగి 17 నిమిషాల దాకా ఉండగలదు. నీళ్ళలో కనబడినంత మాత్రాన జాతి మారదు.

బాగా ఎదిగినది 175 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అందులో సగానికి పైగా తోకే. పెద్ద మగవి 7 కిలోల వరకు తూగుతాయి. కట్టల మీద సాధారణంగా కనబడేవి మూడు, నాలుగు అడుగులవి. ఒళ్ళు బూడిద, గోధుమ కలిసిన మట్టి రంగు, దాని మీద నల్లటి చుక్కలు. ముక్కు రంధ్రాలు మూతి చివర ఉండవు, వెనక్కి, కంటి వైపు జరిగి సన్నటి చీలికల్లా ఉంటాయి. మట్టిలో మూతి పెట్టి తవ్వే జంతువుకు అదే అనువు. రెండుగా చీలిన పొడవాటి నాలుక మాటిమాటికీ బయటికి వస్తుంటుంది. గాలిలోని, నేల మీది వాసన కణాలను ఆ నాలుకతో తెచ్చి అంగిలిలో ఉన్న ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. తొండకు, ఊసరవెల్లికి అలాంటి నాలుక ఉండదు. కాబట్టి సందేహం వచ్చినప్పుడు నాలుక చూడండి.

ఉడుము పిల్లల దగ్గర పొరపాటు పడే అవకాశం ఎక్కువ. జానెడు పొడవుండే పిల్ల ఉడుము నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు, పట్టీలతో మెరుస్తుంటుంది. పెద్దదానికీ దీనికీ సంబంధమే లేనట్టు కనబడుతుంది. దాన్ని వేరే ఏదో విషపు బల్లి అనుకుని కొట్టి చంపేస్తుంటారు. వయసు పెరిగేకొద్దీ ఆ రంగు మాసిపోతుంది.

దూరం నుంచి చూసి ఆడో మగో తేల్చే పని పెట్టుకోకండి. బయటికి కనబడే నమ్మకమైన తేడా లేదు. నోట్‌బుక్‌లో చిన్నది, మధ్యరకం, పెద్దది అని రాసుకుంటే చాలు.

2. చోటు ఎంచుకోవడం

పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో ఉడుములు ఉన్నమాట నిజమే. కానీ నేర్చుకోవడానికి అడవి మంచి చోటు కాదు. పొదలు ఎక్కువ, చూపు ఆనదు, పైగా అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. మన ఊరి చెరువే నయం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఉన్న నేల ఇది. పాకాల చెరువు 1213లో గణపతిదేవుడి కాలంలో కట్టిందని చెప్తారు. పాత కట్టలకు ఉడుముకు కావలసినవన్నీ ఉన్నాయి: సందులున్న రాతికట్టు, తవ్వుకోవడానికి మెత్తటి మట్టి, ఎండ కాచుకోవడానికి వాలు, కింద నీళ్ళు, వెనక పొలాలు.

చోటు చూసేటప్పుడు నాలుగు సంగతులు గమనించండి. కట్ట మీద కానీ దగ్గర్లో కానీ చెదల పుట్టలు ఉన్నాయా? తూర్పుకు కానీ ఆగ్నేయానికి కానీ తిరిగిన రాళ్ళు ఉన్నాయా? పొద్దున మొదటి ఎండ అక్కడే పడుతుంది. పశువులు నీళ్ళకు వచ్చే దారి ఉందా? పెండ ఉన్నచోట పెండ పురుగు ఉంటుంది, పెండ పురుగు ఉన్నచోటికి ఉడుము వస్తుంది. చివరిగా, బోలు తొర్రలున్న పాత చెట్టు ఏదైనా ఉందా? మర్రి, చింత, ఇప్ప, చచ్చిపోయి మొండెం మిగిలిన తాడిచెట్టు, ఏదైనా సరే.

చెరువు లేకపోతే గుట్ట పక్క చెల్క కూడా మంచిదే. హనుమకొండ చుట్టూ ఉన్న గుట్టల్లో బండరాళ్ళ మధ్య సందులు ఉడుముకు తయారుగా ఉన్న ఇళ్ళు. ఎడతెరిపి లేకుండా మందు కొట్టే పత్తి చేను మధ్యలో మాత్రం ఆశలు పెట్టుకోకండి, అక్కడ పురుగే మిగలదు.

ఊళ్ళో ఎవరిని అడగాలన్నది కూడా చోటు ఎంచుకోవడంలో భాగమే. బర్రెలు కాసేవాళ్ళు, గొర్ల కాపరులు, గీత కార్మికులు, చేపలు పట్టేవాళ్ళు రోజూ చూస్తుంటారు. "తాతా, ఈ కట్ట మీద ఉడుము తిరుగుతదా?" అని అడిగితే, "ఎందుకు, పడ్తవా?" అనే ఎదురు ప్రశ్న వస్తుంది. పట్టడానికి కాదని, చూసి రాసుకోవడానికని ముందే చెప్పండి. నమ్మకం కుదిరాక, "పొద్దుగాల ఎండ వడ్డంక తూము కాడి రాళ్ళ మీదికొస్తది బిడ్డా" అని వేళతో సహా చెప్పేస్తారు. ఆ ఒక్క మాట వారం రోజుల తిరుగుడును తప్పిస్తుంది.

3. చట్టం, జాగ్రత్తలు: ఇవి దాటి ముందుకు పోవద్దు

ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. పట్టుకోవడం, చంపడం, ఇంట్లో పెట్టుకోవడం, మాంసం, తోలు అమ్మడం అన్నీ నేరాలే. గుడ్లను, గూటిని పాడుచేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తరువాత మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. దూరం నుంచి చూడటానికి, ఫోటో తీయడానికి అభ్యంతరం లేదు. బొరియ తవ్వి బయటికి రప్పించి వీడియో తీస్తే మాత్రం కేసు అయ్యే పనే.

అసలు ప్రమాదం ఉడుముతో కాదు. ఉత్తర తెలంగాణలో అడవి అంచు ఊళ్ళలో పందుల కోసం, వేట కోసం కరెంటు తీగలు పెడుతుంటారు. దొంగచాటు పని కాబట్టి చెప్పి పెట్టరు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక, తెలియని చేనులో అడుగు పెట్టొద్దు. ఉడుము పగటి జంతువు కనుక మీకు ఆ వేళల్లో పని కూడా లేదు. రెండోది, గడ్డి కమ్మేసిన పాత వ్యవసాయ బావులు. మూడోది పాములు. ఉడుము ఉండే బొక్కలోనే వేరే రోజు నాగుపామో రక్తపింజరో ఉండొచ్చు. చెయ్యి పెట్టొద్దు, కర్ర పెట్టి కెలకొద్దు. వానకాలం మోకాళ్ళ కింది దాకా ఉండే బూట్లు వేసుకోండి.

4. నేలను చదవడం

మొదటి కొన్ని వారాలు ఉడుము కనబడకపోయినా నేల మీద దాని రాత కనబడుతుంది. మెత్తటి దుమ్ములో, ఎండిన చెరువు శిఖంలో, అంటే నీళ్ళు తగ్గాక బయటపడే చెరువు నేలలో, నడిచిన చోట మధ్యలో వంకరటింకరగా తోక గీత, దానికి అటూ ఇటూ అయిదు గోళ్ళ అడుగులు పడతాయి. పాముకు గీత ఒక్కటే, అడుగులు ఉండవు.

బొరియ నోరు కింద చదునుగా, పైన వంపుగా, అర్ధచంద్రాకారంలో ఉంటుంది. పొట్ట నేలకానించి పాకే జంతువు రాకపోకలకు అదే ఆకారం ఏర్పడుతుంది. పందికొక్కు బొరియ ముందు తవ్వి పోసిన మట్టి కుప్ప, వడ్ల పొట్టు కనబడతాయి. ఉడుము బొరియ గోడలకు గోళ్ళ గీతలు ఉంటాయి. నోటికి సాలెగూడు కట్టి ఉంటే ప్రస్తుతం వాడకంలో లేదన్నమాట.

రెట్ట ముదురు రంగులో ఉండి ఒక కొసన తెల్లటి సున్నం ముద్ద ఉంటుంది. ఎండినదాన్ని పుల్లతో విప్పి చూడండి, చేత్తో ముట్టుకోకండి, సరీసృపాల రెట్టలో సాల్మొనెల్లా ఉండొచ్చు. ఆకుపచ్చగా, నల్లగా మెరిసే పెండ పురుగుల రెక్కల ముక్కలు, ఎండ్రకాయ పెంకు, ఎలుక వెంట్రుకలు, తేలు తునకలు బయటపడతాయి. ఏ నెలలో ఏం తిన్నదో దీనికన్నా బాగా చెప్పేది లేదు. ఎలుగుబంటి, నక్క రెట్టలో కూడా పురుగుల పెంకులు ఉంటాయి కానీ ఆ తెల్ల ముద్ద ఉండదు.

ఆరిపోయిన పెండ ముద్దలు తిరగబడి చెల్లాచెదురై ఉంటే అక్కడ ఆగండి. కోళ్ళు గీకినట్టు ఉన్నా గుంట లోతుగా, గోళ్ళ గాట్లు బలంగా ఉంటే అది ఉడుము పనే.

5. వేళ పట్టుకోవడం

ఉడుము ఒంట్లో వేడి పుట్టదు, ఎండ నుంచి తీసుకోవాలి. బాగా తిరుగుతున్నప్పుడు దాని ఒంటి వేడి ఇంచుమించు మన ఒంటి వేడి దగ్గర ఉంటుంది. పొద్దున లేవగానే చల్లగా, మందంగా ఉంటుంది. బొరియలోంచి ముందు తల ఒక్కటే బయటపెట్టి చాలాసేపు అలాగే ఉంటుంది. తరువాత మెల్లగా బయటికొచ్చి, పక్కటెముకలు వెడల్పు చేసి, ఒళ్ళంతా రాతికి అంటించి పడుకుంటుంది. వేడెక్కాకే తిండి వేట. ఎండ ముదిరితే నీడకు, బొరియకు, నీళ్ళకు.

కాబట్టి గడియారం కన్నా రాయి ముఖ్యం. కట్ట మీది రాయి మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఉడుము బయటికొచ్చే వేళ. చెయ్యి నిలవనంత కాలితే అది లోపలికి పోయే వేళ. జనవరిలో ఈ గోరువెచ్చని వేళ తొమ్మిదిన్నర, పదికి వస్తుంది. మే నెలలో ఏడుకే వచ్చి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా పోతుంది.

సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా, కనీసం ఇరవై మీటర్ల దూరంలో కూర్చోండి. 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్స్ ఉంటే సరిపోతుంది. ఉడుముకు చూపు బాగా ఆనుతుంది, కదలికను ఇట్టే పసిగడుతుంది. నిలబడి నడిచే మనిషి కన్నా కూర్చున్న మనిషిని తొందరగా మరిచిపోతుంది. కుక్కను వెంట తీసుకుపోతే ఆ రోజుకు మీరు ఇంటికి పోవచ్చు.

6. కార్తెల వెంట ఏడాది

*మిరుగు (మృగశిర), ఆరుద్ర: జూన్, జూలై మొదలు.* మొత్తం ఏడాదిలో ఒకే నెల వీలవుతుందంటే ఈ నెలే పెట్టుకోండి. మొదటి వాన పడ్డ మర్నాడు నేలంతా పురుగులే. ఎర్రటి ఆరుద్ర పురుగులు, సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు, కప్పలు, పెండ పురుగులు. ఎండాకాలం దాక్కున్న ఉడుములు పగలంతా బయటే. మబ్బు పట్టిన వేడి రోజుల్లో మధ్యాహ్నం కూడా తిరుగుతాయి.

తినే తీరు బైనాక్యులర్స్‌లో చూడవలసిందే. నాలుక ఆడిస్తూ వంకరగా నడుస్తూ వచ్చి ఒకచోట టక్కున ఆగుతుంది. మెడ ఒక పక్కకు వంచి, మూతి నేలకు తాకించి మళ్ళీ నాలుక చాపుతుంది. తరువాత ముందు కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి తవ్వుతుంది. రెండు మూడు గీతల తరువాత మూతి గుంటలో దూర్చి పురుగును పట్టి, తల వెనక్కి విదిలించి గుటుక్కున మింగేస్తుంది. నమలదు. అదే తేలో, పెద్ద ఎండ్రకాయో అయితే నేలకు కొట్టి, రుద్ది, కదలిక ఆగాక మింగుతుంది. పెద్ద ఉడుము అనగానే కోళ్ళు, గుడ్లే గుర్తొస్తాయి మనకు. నిజానికి దాని తిండిలో పెద్ద వాటా పురుగులదే. ఎలుకలు, కప్పలు, చిన్న పాములు, చేపలు, పిట్టల గుడ్లు, చచ్చిన జంతువుల మాంసం కూడా వదలదు. గోదావరి ఒడ్డున మొసళ్ళుండే శివారం లాంటి చోట్ల మొసలి గుడ్లకు కూడా ఇది గండమే.

ఇదే కాలంలో మగవాటి కుస్తీ చూడవచ్చు. ఏప్రిల్ నుంచే ఒకదాన్నొకటి తరమడం మొదలవుతుంది, వానలతో ఊపందుకుంటుంది. రెండూ వెనక కాళ్ళ మీద నిలబడి, తోకలను నేలకు ఊత పెట్టి, ముందు కాళ్ళతో భుజాలు పట్టుకుని ఒకదాన్నొకటి పడదోసుకుంటాయి. ఓడింది పక్కకు తప్పుకుంటుంది. దీన్ని జంట కలవడం అనుకుని ఫోటోలు పంచుతుంటారు. జంట కలిసేటప్పుడు మగది ఆడదాని వీపు మీదికి పాకి నేల మీదే ఉంటుంది, నిలబడటం ఉండదు. కుస్తీలో ఉన్నప్పుడు వాటికి మనిషి ధ్యాస తక్కువ. అలాగని దగ్గరికి పోతే కుస్తీ ఆగిపోతుంది, మీకు చూడటానికీ ఏమీ మిగలదు.

*పునర్వసు నుంచి పుబ్బ దాకా: జూలై నుంచి సెప్టెంబరు.* గుడ్లు పెట్టే కాలం. ఆడది కట్ట వాలులోనో, చదును నేలలోనో, చెదల పుట్ట పక్కనో గుంట తవ్వుతుంది. ఒకసారికి సుమారు 20 గుడ్లు. పెట్టాక మట్టితో పూడ్చి, మూతితో పదేపదే అదిమి గట్టి చేస్తుంది. అక్కడితో ఆగదు. చుట్టుపక్కల ఇంకొన్ని ఉత్తుత్తి గుంటలు తవ్వి, మట్టి చెల్లాచెదురు చేసి పోతుంది, గుడ్లు తవ్వుకు తినే ముంగిసలాంటివి ఏది అసలో తేల్చుకోలేక తికమకపడాలని. దగ్గర దగ్గరగా రెండు మూడు తాజా గుంటలు, ఒక అదిమిన చోటు కనబడితే మీ చెరువులో గూడు ఉన్నట్టే. గుర్తు పెట్టుకోండి కానీ రాళ్ళు పేర్చడం, కర్ర పాతడం వంటివి చేయొద్దు. మనకు గుర్తు అయినది ఊళ్ళో పిల్లలకూ గుర్తే.

చెదల పుట్ట ఎందుకంటే, లోపల వేడి, తేమ పెద్దగా మారవు. చెదలే గోడలు మరమ్మతు చేసి పెడతాయి. గుడ్డు పొదగడానికి తల్లి ఉండదు కాబట్టి ఆ పనంతా నేలదే. నాగుల పంచమికి పాలు పోసే పుట్టల్లో సగం ఉడుము రాకపోకలు ఉన్నవేనని నా అనుమానం.

*ఉత్తర, హస్త, చిత్త: సెప్టెంబరు నుంచి అక్టోబరు.* బతుకమ్మ రోజులు. తంగేడు పూలకు చెల్కల్లోకి పోయినవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే కాలం ఇది. తిండి సమృద్ధిగా తిని ఒంట్లో, తోక మొదట్లో కొవ్వు చేర్చుకున్న ఉడుము నిండుగా కనబడుతుంది. గడ్డి ఎత్తు పెరిగి ఉంటుంది కనుక చూడటం కష్టం. గట్లు, బాటలు, మత్తడి (అలుగు) రాళ్ళు నమ్ముకోండి. వరి కోతల వేళ పొలంలో ఎలుకల బొక్కలు వెతుక్కుంటూ పగలు తిరగడం కనబడుతుంది.

*నవంబరు నుంచి జనవరి.* చలికి ఉడుము తిరుగుడు తగ్గుతుంది కానీ మన దగ్గర పూర్తిగా మాయం కాదు. ఉత్తర భారతంలోలా నెలల తరబడి దాక్కోవలసినంత చలి వరంగల్‌లో ఉండదు. ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగే రోజుల్లో కొన్నాళ్ళు బొరియ దాటకపోవచ్చు. వరంగల్‌లో మబ్బు లేని రోజున పదికల్లా ఎండ కాచుకోవడానికి వస్తుంది, కాసేపు తిరిగి నాలుగు లోపే లోపలికి పోతుంది. ఈ కాలంలో ఉడుమును చూడటం తేలిక, ఎందుకంటే ఎండ కాచుకునే రాయి ఒకటే ఉంటుంది, రోజూ దానికే వస్తుంది. ఫోటోలకు ఇదే అదను.

చల్లటి పొద్దున ఎదురైన ఉడుము పారిపోకుండా బుసకొట్టి నిలబడితే ధైర్యం ఎక్కువై కాదు, కాళ్ళలో వేడి లేక. పరుగెత్తలేదు కనుక గొంతు ఉబ్బించి, ఒళ్ళు పొంగించి, తోక ఝాడిస్తుంది. అప్పుడు మీరే వెనక్కి తగ్గండి.

*ఫిబ్రవరి నుంచి రోహిణి కార్తె దాకా.* చెట్లు ఆకు రాల్చి, మోదుగ పూసే వేళకు నేల బోసిపోతుంది, చూపు బాగా ఆనుతుంది. పురుగు తగ్గుతుంది కనుక ఉడుము నీటి అంచుకు చేరుతుంది. ఎండుతున్న చెరువులో చివరి మడుగుల్లో చిక్కిన చేపలు, ఎండ్రకాయలు, కప్పల కోసం బురద అంచు వెంట తిరుగుతుంది. కొంగల పక్కనే ఉడుము నడుస్తున్న దృశ్యం మార్చి, ఏప్రిల్‌లో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువుల శిఖంలో కనబడొచ్చు. పిట్టలు గుడ్లు పెట్టే చెట్టు తొర్రలకూ ఎక్కుతుంది. మనిషిని చూస్తే మొద్దుకు అవతలి వైపు తిరిగి, మీరు తిరిగినకొద్దీ అదీ తిరుగుతుంది. ఇద్దరు ఉంటే చెరో వైపు నిలబడి చూడవచ్చు.

వానకాలంలో పెట్టిన గుడ్లు పగలడానికి సుమారు 170 నుంచి 250 రోజులు పడుతుంది. అంటే చలికాలం దాటి ఎండాకాలంలోకి వస్తుంది లెక్క. జనవరి చివరి నుంచి వానల దాకా పిల్లల కోసం కన్ను వేసి ఉంచండి. నేల మీద కన్నా చెట్ల మీద చూడండి. పిల్లలు ఎక్కువగా చెట్లనే నమ్ముకుంటాయి, కింద కుక్క, ముంగిస, పెద్ద ఉడుము, పైన గద్ద అన్నీ శత్రువులే.

మే నెలలో 43, 44 డిగ్రీలు కొట్టే రోజుల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిది, మళ్ళీ సాయంత్రం అయిదు తరువాత. మధ్యలో కూర్చుని వడదెబ్బ తెచ్చుకోవద్దు. రోహిణి ఎండల్లో రోజుల తరబడి కనబడకపోతే టెన్షన్ పడకండి, బొరియ లోతున చల్లగా ఉంది.

7. ఒంటి భాష, ఉడుంపట్టు సంగతి

తల ఎత్తి కదలకుండా ఉంటే మిమ్మల్ని గమనించిందన్నమాట. నాలుక ఆడటం ఆగిపోయినా అంతే. గొంతు కింది చర్మం ఉబ్బుతూ, బుస వినబడితే దూరం తగ్గిపోయింది. మామూలుగా నడిచేటప్పుడు, పరిగెత్తాక కూడా గొంతు కదులుతుంది, అది గాలిని ఊపిరితిత్తుల్లోకి నెట్టే పద్ధతి, కోపం కాదు.

ఉడుముకు తాడు కట్టి కోట గోడలు ఎక్కించే కథలు అందరికీ తెలుసు. మనిషి బరువును మోస్తుందనడం కథే. కానీ పట్టు మాత్రం నిజం. బొరియలోకో రాతి సందులోకో దూరాక గోళ్ళు దిగేసి, గాలి పీల్చి ఒళ్ళు పొంగించి ఇరుక్కుంటుంది. తోక పట్టి లాగితే నడుమో, తోక ఎముకలో దెబ్బతింటాయి తప్ప అది రాదు. బల్లికిలా తోక తెంచుకుని పోవడం, మళ్ళీ మొలిపించుకోవడం ఉడుముకు లేదు. తోక కొస తెగిన ఉడుము జీవితాంతం అలాగే ఉంటుంది. గమనించేవాళ్ళకు అది ఒకందుకు పనికొస్తుంది, అదే ఉడుమును మళ్ళీ గుర్తుపట్టవచ్చు.

8. ఇంట్లో దూరితే, బావిలో పడితే

ఉడుము ఇంట్లోకి వస్తే అరిష్టమని, ఇల్లు వదలాలని కొన్నిచోట్ల ఇప్పటికీ అంటారు. కొట్టంలో ఎలుకలు, కోడిగుడ్లు ఉన్నాయి కనుక వచ్చింది. జనం చుట్టుముట్టి కేకలు వేస్తే బీరువా వెనక దూరి ఇక రాదు. కుక్కలను కట్టేయండి, బయటి తలుపు ఒకటి తెరిచి, మిగతావి మూసి, అందరూ బయటికి రండి. చాలాసార్లు తనే పోతుంది. పోకపోతే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకో, బీట్ ఆఫీసరుకో చెప్పండి.

పాత రాతికట్టు బావిలో పడితే సందులు పట్టుకుని ఎక్కిపోతుంది. సిమెంటు రింగుల బావిలో గోళ్ళకు పట్టు దొరకదు. ఈది ఈది అలిసిపోతుంది. బెరడు తీయని మొరటు దుంగను ఏటవాలుగా దించి, పైన మనుషులు లేకుండా వదిలేస్తే తనే ఎక్కి వస్తుంది.

కరిస్తే? విషంతో మనిషిని చంపే జంతువని భయపడాల్సిన పని లేదు, కానీ పళ్ళు వంకరగా, నోట్లో సూక్ష్మజీవులతో ఉంటాయి, గాయం చీము పడుతుంది. సబ్బుతో పారే నీళ్ళ కింద బాగా కడిగి ఆసుపత్రికి పోండి, టెటనస్ ఇంజెక్షన్ గురించి అడగండి. ఆకు పసరు కట్టి కూర్చోవద్దు.

మాంసం తింటే నడుము గట్టిపడుతుందని, నూనె కీళ్ళకు మంచిదని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. దానికి ఆధారమేమీ లేదు. హత్థా జోడి పేరుతో అదృష్టం తెచ్చే చెట్టు వేరని అమ్మేది కూడా ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమే. 2017లో ఈ మోసం బయటపడింది. కొన్నవాళ్ళకూ కేసు తప్పదు.

9. రాసుకోవడం

తేదీ, కార్తె, వేళ, ఆకాశం, రాయి వేడి, ఉడుము సైజు, ఏం చేస్తోంది. ఇంతే చాలు. కనబడని రోజు కూడా రాయండి. ఏ వేళ, ఏ ఎండలో కనబడలేదో తెలిస్తేనే కనబడిన రోజుకు అర్థం వస్తుంది. ఫోటో తీస్తే రెండు పక్కల నుంచి తీయండి, మచ్చలు, గాట్లు, తోక కొస పోల్చి ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టవచ్చు.

జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌లాంటి యాప్‌లో పెట్టాలనుకుంటే లొకేషన్ కనబడకుండా సెట్టింగ్ మార్చి పెట్టండి. ఫోన్ ఫోటోలో కూడా జీపీఎస్ దాగి ఉంటుంది, ఊరి వాట్సాప్ గ్రూపులో వేసేముందు తీసేయండి. చెరువు పేరు, తూము పేరు, గూడు ఉన్న పుట్ట ఆనవాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు, కాపరి తాతకు తప్ప. ఆయనకు మీకన్నా ముందే తెలుసు.